దొంగకు బట్టలు తొడిగిన శుక్రవారం

నా వృత్తి వంట. ఒమన్‌లో నేను వండిపెట్టని మనిషి లేడంటే గొప్పలు పోతున్నానంటారు గానీ, వండిపెట్టని రకం మనిషి మాత్రం లేడు. దుక్మ్ క్యాంపులో వెల్డర్లకు సాంబారు పోశాను. మస్కట్‌లో హమ్రియా సందుల్లో ఒక మెస్సులో చపాతీలు కాల్చాను. చివరికి బహ్లాలో ఒక పెద్దింట్లో కుదిరి, అక్కడి నుంచే పని మానుకుని ఇంటికి వచ్చాను. ఇన్నేళ్లలో నా వంటను తిట్టినవాళ్లున్నారు, పారబోసినవాళ్లున్నారు. తుపాకీతో కాల్చింది మాత్రం ఆ బహ్లా అర్బాబ్ ఒక్కడే. కొత్తగా గల్ఫు విమానం ఎక్కబోయే తమ్ముళ్లు నా దగ్గరికి వచ్చి జీతం ఎంతుంటది, వీసా ఎన్ని రోజులకొస్తది అని అడుగుతుంటారు. నేను వాళ్లను తిరిగి ఒకటే అడుగుతాను. నువ్వు పండుకునే గది గోడ దేనితో కట్టిండ్రు? వాళ్లు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. అప్పుడు కూర్చోబెట్టి ఈ సంగతి చెప్తాను.

ముందుగా ఒక మాట. ఆ ఇంట్లోవాళ్లు మాట్లాడేది అరబ్బీ. మాతో మాట్లాడేటప్పుడు అందులో హిందీ కలిపేవారు. నా చెవిన పడిన ఏ భాషైనా లోపలికి దిగేసరికి మా జగిత్యాల మాటైపోతుంది. కాబట్టి వాళ్ల మాటలు నాకు ఎట్లా గుర్తున్నాయో అట్లాగే రాస్తున్నాను. అరబ్బీ వచ్చిన పెద్దలు మన్నించాలి.

అర్బాబ్ అంటే యజమాని. మా అర్బాబ్ యూనిఫాం ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఖర్జూరం తోట, మేకల దొడ్డి, దాని మధ్యలో ఇల్లు. పొద్దున తోటలో తిరగడం, ఆ తర్వాత మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే హాల్లో, మెత్తలకు ఆనుకుని ఫోనులో వీడియోలు చూడడం ఆయన దినచర్య. మంచివాడు. కూరలో ఉప్పెక్కువైనా నీళ్లు తాగి ఊరుకునేవాడు. ఇంట్లో అసలు అధికారం మాత్రం ఆయన తల్లిది. మేం ఆమెను పెద్దమ్మ అని చెప్పుకునేవాళ్లం. వయసు ఎంతో ఆమెకే తెలియదు. మజ్లిస్ గుమ్మం పక్కన చాప వేసుకుని కూర్చుంటే, గేటులోంచి వచ్చే ఈగ కూడా ఆమె అనుమతి తీసుకునే రావాలి.

పనివాళ్లం ఇద్దరం. వంటకు నేను, బండికి కడప నుంచి వచ్చిన డ్రైవరు. నన్ను అన్నా అనేవాడు, నేను అతన్ని భాయ్ అనేవాణ్ణి. ఇద్దరం పండుకునేది గేటు పక్కన పెట్టిన పోర్టా క్యాబిన్‌లో. బయట పల్చటి రేకు, లోపల పల్చటి రేకు, మధ్యలో థర్మాకోలు. డ్రైవరు నిద్రలో గోడకు మోచెయ్యి తగిలిస్తే మేకలు ఉలిక్కిపడి లేచేవి. అయినా ఏసీ ఉంది, మంచాలున్నాయి, క్యాంపులో పదిమందితో పడుకున్న నాకు అది రాజమహలే.

ఇట్లా ఉండగా పక్క తోటాయన మేక ఒకటి కనపడకుండా పోయింది. దొంగలు తిరుగుతున్నారని పుకారు. మా అర్బాబ్‌కు ఎప్పటినుంచో లైసెన్సు ఉన్న పిస్తోలు ఒకటుంది. దాన్ని ఎక్కడో భద్రంగా దాచి ఉంచేవాడు. మేక పోయిన మర్నాడు దాన్ని తెచ్చి మజ్లిస్ బీరువాలో పెట్టుకుంటానన్నాడు. పెద్దమ్మ వినగానే చేతిలోని కాఫీ గిన్నె కింద పెట్టింది.

"ఈ గుమ్మంల నిలబడి కాలిస్తే ఎదురుంగ గేటు. గేటు పక్కన వంటాయన, డ్రైవరు పండుకునే రేకుల డబ్బ. దొంగకు తగిలింది దొంగల్నే ఆగుతదా, దాటి పోతదా?"

"ఇది కొత్తరకం తూటా అమ్మా" అన్నాడు అర్బాబ్. "మొనల గుంట ఉంటది. ఒంట్లకు పోంగనే పువ్వు లెక్క విచ్చుకుంటది. విచ్చుకున్నది ఇంక ముందుకు పోలేదు, అండ్లనే ఆగుతది. నేను వీడియోల చూసిన."

"నేను చూడలే గద. చూపెట్టు. దొంగల్నే ఆగితే తుపాకి ఇంట్ల ఉంటది. దాటిందా, ఇంట్ల ఉండది."

అదీ ఒప్పందం. నేను కాఫీ కూజా పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. తూటాకూ నాకూ మధ్య ఉన్నది ఆ రేకు, ఆ థర్మాకోలు అని అప్పటిదాకా నాకు తట్టలేదు. తట్టిన తర్వాత ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఇప్పుడు చూపెట్టాలంటే దొంగ కావాలి. దొరికిన దొంగ లేడు, దొరికినా నిలబడడు. అర్బాబ్ వంటింట్లోకి వచ్చి ఫోను నా ముక్కు ముందు పెట్టాడు. అందులో ఎవరో తెల్లాయన తన ఇంటి వెనక బల్లమీద పెద్ద జెల్లీ ముద్ద పెట్టి కాలుస్తున్నాడు. జెలటిన్ పొడిని నీళ్లలో కలిపి గడ్డ కట్టిస్తే మనిషి కండకు దగ్గరగా ఉంటుందట. తూటా ఎంత దూరం పోయిందో, ఎంత విచ్చుకుందో గాజులోంచి చూసినట్టు కనపడుతుందట.

"నువ్వు నాకొక మనిషిని వండియ్యాలె" అన్నాడు అర్బాబ్.

బిర్యానీ అడిగారు, హలీం అడిగారు, ఒకసారి పుట్టినరోజుకు ఒంటె ఆకారంలో కేకు అడిగారు. మనిషిని అడగడం అదే మొదలు. వంటవాడు రాదు అనకూడదు. సరేనన్నాను.

డ్రైవరు మస్కట్ పోయి జెలటిన్ సంచీ తెచ్చాడు. తెచ్చాడు గానీ బండిలోంచి దింపడే. సంచీని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాడు.

"ఏంది భాయ్, గట్ల చూస్తున్నవ్?"

"ఇది ఏ జంతువు ఎముకలతో చేసిండారో సూస్తాండా అన్నా. పందిదైతే నేను ముట్టను. నా బండిలో గూడ పెట్టను."

ఒక మూలన హలాల్ అని ముద్ర కనపడింది. అతని మొహం వికసించింది. పందిది కాకపోతే మరి దేనిదో ఆలోచించేసరికి నా మొహం ముడుచుకుంది. "భాయ్, అంటే ఆవుదా?" అన్నాను. "నీ వంతు వచ్చినట్టుండాది" అన్నాడు వాడు తాపీగా. తినేది కాదు గదా అని మనసుకు చెప్పుకుని, వంటింట్లో ఉన్నవాటిల్లోకెల్లా పొడుగు గరిటె వెతికి తీసుకున్నాను.

మొదటి మనిషి చెడిపోయాడు. అందులో నా పెద్దరికమే ఎక్కువ. గోరువెచ్చగా కలపాలి, మరిగించొద్దు అని వీడియోలో ఆ తెల్లాయన మొత్తుకున్నాడు. పొయ్యి మీద పెట్టింది మరగకుండా దించడం మా వంశంలో లేదు. తెర్ల కాగనిచ్చాను. అంతటితో ఆగానా? ఆ వాసన భరించలేక చెయ్యి దానంతటదే డబ్బాల వైపు పోయింది. చక్కెర, ఏలకులు, చిటికెడు కుంకుమపువ్వు. ఒమనీ ఇంట్లో హల్వా చేసిచేసి అలవాటైన చెయ్యి అది. మరిగించిన జెలటిన్‌కు పట్టు పోతుందట. తెల్లారి తోట చివర మట్టి కట్ట ముందు బల్లమీద ముద్దను బోర్లించామో లేదో, అది కాసేపు ఆలోచించి మెల్లగా కూలబడిపోయింది. అర్బాబ్ పిస్తోలు తీసుకుని వచ్చేసరికి మేకలు దొంగను నాకుతున్నాయి.

"దీని నిండ యాలకుల వాసనేంది?" అన్నాడు అర్బాబ్.

"దొంగ మంచి ఇంటోడు అర్బాబ్" అన్నాడు డ్రైవరు.

అర్బాబ్ నవ్వకూడదని చాలా ప్రయత్నించాడు. ఆ మేకలు మాత్రం వారం రోజులు నా వెంటే తిరిగాయి.

రెండో మనిషిని బుద్ధిగా వండాను. పొడిని చన్నీళ్లలో నాననిచ్చి, వేలు పెట్టగలిగే వేడిలో కరిగించి, నురగ తీసి, పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. దానికోసం ఫ్రిజ్‌లో ఉన్న చేపలూ మజ్జిగా పక్కింటికి వలసపోయాయి. పెద్దమ్మ రోజూ వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి, "మీ దొంగ ఎట్లున్నడు?" అని పలకరించి పోయేది. బయటికి తీస్తే ఎండకు చెమట పట్టి మెత్తబడుతుందని డ్రైవరు బండిలో ఏసీ ముందే వేసి ఉంచి, ముద్దను ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కూడా పెట్టాడు. ఇంటి నుంచి తోట చివరికి నడిస్తే బీడీ కాల్చేంత దూరం. ఆ దూరానికి అంత మర్యాద నాకు ఇన్నేళ్లలో ఒక్కనాడూ జరగలేదు.

ఆ రోజు శుక్రవారం. నమాజు, భోజనం అయ్యాక అర్బాబ్ పాత స్నేహితులిద్దరు వచ్చారు. వాళ్లూ ఆయనతో పాటు ఉద్యోగం చేసినవాళ్లే. కాఫీ, హల్వా తెచ్చిపెట్టాను. ఒమన్‌లో యుద్ధమైనా కాఫీ తర్వాతే. స్నేహితుల ముందు అర్బాబ్ మీసం మీంచి చెయ్యి దిగడం లేదు. ఇక ఆయనకు తుపాకీ ఒక్కటే కాదు, పరువు కూడా ఆ ముద్ద మీదే ఉంది. మాకు ప్రాణమే ఉంది గానీ, మమ్మల్ని ఎవరూ అడగలేదు.

బల్లమీద జెల్లీ దొంగ. దొంగ వెనక, మా క్యాబిన్ పెట్టినప్పుడు మిగిలిపోయిన గోడ పలక ఒకటి నిలబెట్టాం. దాని వెనక ఎత్తయిన మట్టి కట్ట. అంతవరకు అర్బాబ్ చెప్పినట్టే. ఆఖరి నిమిషంలో డ్రైవరు వంటింట్లోకి పరుగెత్తి ఒక పుచ్చకాయ తెచ్చి, పలక వెనక స్టూలు మీద దిండు వేసి, దాని మీద పెట్టాడు.

"ఇదేంది?" అన్నాడు అర్బాబ్.

"నా తలకాయ అర్బాబ్. నా మంచం ఆ గోడకే గదా ఉండేది."

స్నేహితులిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నా తలకాయ కూడా పెట్టమంటే, ఇంకో పుచ్చకాయ లేదు, నీది గుమ్మడికాయతో సరిపెట్టుకో అన్నాడు.

అందరం చెవుల్లో దూది పెట్టుకుని వెనక్కి జరిగాం. పెద్దమ్మకు చెట్టు నీడలో కుర్చీ వేశాం. అర్బాబ్ నిలబడ్డ తీరు చూస్తే తెలిసింది, ఆ మనిషికి పని వచ్చు. ఒక్కసారి ధన్‌మంది. జెల్లీ ముద్ద ఒళ్లంతా ఊగి, మళ్లీ సర్దుకుంది. దగ్గరికి పోయి చూస్తే నిజంగానే అద్భుతం. తూటా దారి పొడుగునా తెలుస్తోంది. ముద్ద వెనక అంచుకు ఇవతలే రాగిరంగు రేకులు విప్పుకుని, మందారం మొగ్గ విచ్చినట్టు ఆగిపోయి ఉంది. వెనక పలక మీద గీత లేదు. పుచ్చకాయ క్షేమం. స్నేహితులు చప్పట్లు కొట్టారు. డ్రైవరు పుచ్చకాయను ముద్దుపెట్టుకున్నాడు. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. అర్బాబ్ తల్లి వైపు తిరిగి, "చూసినవా అమ్మా" అన్నాడు.

పెద్దమ్మ కర్ర ఊతగా లేచి బల్ల దగ్గరికి వచ్చింది. ముద్దను వేలితో పొడిచి చూసింది. తూటాను చూసింది.

"అయితే మన దొంగలు బరిబత్తల వస్తరా?" అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"వీని ఒంటి మీద బట్టలేవి? చలికాలం మేకలెత్కపోను వచ్చెటోడు దిస్‌దాషా లేకుంట వస్తడా? బట్టలు తొడుగు."

అర్బాబ్ నవ్వి, బట్టకు తూటా ఆగుతుందా అమ్మా అన్నాడు. ఆగకపోతే తొడిగేతందుకు నీకేం బాధ అందామె. ఇంక తప్పుతుందా? డ్రైవరు ఇంట్లోకి పోయి, ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లటి దిస్‌దాషా, అంటే ఒమనీలు వేసుకునే పాదాల దాకా పొడుగు అంగీ ఒకటి, లోపలికి బనీను ఒకటి పట్టుకొచ్చాడు. అది అర్బాబ్ పండగలకు వేసుకునేదని తర్వాత తెలిసింది. ఇద్దరం కలిసి ముద్దకు బనీను తొడిగి, దిస్‌దాషా నాలుగు మడతలు పడేలా చుట్టాం. డ్రైవరు ఉత్సాహం ఆపుకోలేక పైన కుట్టుపూల టోపీ కూడా పెట్టబోయాడు. "టోపీ తియ్యి. అది మర్యాదస్తులు పెట్టుకునేది" అంది పెద్దమ్మ.

తూటా మారలేదు, మనిషి మారలేదు, దూరం మారలేదు. అర్బాబ్ ముద్దకు రెండో పక్కన గురిపెట్టి మళ్లీ కాల్చాడు.

ఈసారి ముద్ద ఊగింది తక్కువ. వెనక మాత్రం టప్పుమని ఇంకో చప్పుడైంది. పలక వెనక ఎర్రటి నీళ్లు కారుతున్నాయి. పుచ్చకాయ ఉండాల్సిన చోట దిండు మీద గుజ్జూ గింజలూ ఉన్నాయి. పెద్ద చెక్క ఒకటి మేకల దొడ్డి దాకా ఎగిరిపోయింది.

స్నేహితుడొకాయన నవ్వబోయి మానుకున్నాడు. డ్రైవరు ఆ దిండు వైపే చూస్తున్నాడు. "అన్నా, దిండు గూడ నాదే" అన్నాడు మెల్లగా. నాకు భయం వేసింది. సిగ్గు లేకుండా చెప్తున్నాను. నవ్వులాటకు పెట్టిన కాయ అది. కానీ ఆ పలక, ఆ రేకు, రోజూ నేను వీపు ఆనించి ఉల్లిపాయలు ఒలుచుకునే గోడే.

మట్టి కట్టలో తవ్వి తూటాను తీశారు. అది విచ్చుకోలేదు. మొనలో ఉన్న గుంట నిండా తెల్లటి నూలు పోగులు, గట్టిగా కూరినట్టు ఇరుక్కుని ఉన్నాయి. నోట్లో గుడ్డ కుక్కితే ఎవరు మాత్రం నోరు తెరుస్తారు? పువ్వు కావలసింది మొగ్గలాగే దొంగను దాటి, గోడను దాటి, నా మిత్రుడి తలకాయను దాటి పోయి మట్టిలో దిగింది.

ఇక అర్బాబ్ మొదలుపెట్టాడు. ఇది తూటా తప్పు, ఇంకో కంపెనీది బట్టల్లోంచి పోయినా విచ్చుకుంటుందట, తెప్పిస్తానన్నాడు. స్నేహితులు నిజమేనన్నారు. కాళ్లకు గురిపెడతానన్నాడు. స్నేహితులు అదీ నిజమేనన్నారు. నా గురి తప్పదని మీకు తెలవదా అన్నాడు. అదైతే అందరికీ తెలుసన్నారు. మొత్తానికి ముగ్గురూ కలిసి, తుపాకీ బీరువాలో ఉంటే ఉంటుంది, అవసరం పడితే గదా తీసేది అనే దగ్గరికి వచ్చారు. మిత్రుల ముందు మాట పోగొట్టుకోవడం ఎవరికైనా కష్టమే, ఆయన బాధ నాకు అర్థమైంది. అర్థమైంది గానీ నా వీపు ఊరుకోలేదు. నోరు తెరిచి ఏదో అనాలనుకున్నాను. పనివాడి నోట్లో కూడా ఎప్పుడూ కొంచెం గుడ్డ ఉంటుంది. అనలేకపోయాను.

పెద్దమ్మ అంతా విన్నది. ఒప్పందం గుర్తుచేయలేదు, కోప్పడలేదు.

"సరే, ఉంచుకో" అంది. "ఈపూట కునుకు మాత్రం నువ్వు ఆ రేకుల డబ్బల తియ్యి. డ్రైవరు మంచం మీద. నేను మజ్లిస్ గుమ్మంల తుపాకి ఒళ్లె పెట్టుకొని కూసుంట. దొంగొస్తే కాలుస్త."

అర్బాబ్ నవ్వాడు. "నీకు కాల్చరాదు గద అమ్మా."

"రాదు. అందుకే" అందామె.

అర్బాబ్ మొహంలో నవ్వు ఎటూ పోలేక కాసేపు అట్లాగే ఉండిపోయింది. తర్వాత పిస్తోలు ఖాళీ చేసి, పెట్టెలో పెట్టి, తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకుని మా క్యాబిన్ వైపు నడిచాడు. అన్నేళ్లలో ఆయన ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. నేను గుమ్మం బయట నిలబడ్డాను. ఆయన డ్రైవరు మంచం మీద కూర్చున్నాడు, నా మంచం చూశాడు, గోడకు నేను అంటించుకున్న దేవుడి క్యాలెండరు చూశాడు. తల ఆనే చోట రేకు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాడు. డొల్లగా మోగింది. దొడ్డిలో మేక ఒకటి అరిచింది.

"ఈ చప్పుడుకు నిద్రెట్ల పడుతది మీకు?" అన్నాడు.

"అలవాటైంది అర్బాబ్" అన్నాను. అంతకంటే పెద్ద మాట అనే అవకాశం మళ్లీ రాదని తెలుసు, అయినా నాకు అదే వచ్చింది.

మర్నాడు డ్రైవరు బండి తీశాడు. పెట్టె ఎక్కడ అప్పగించాలో అక్కడ అప్పగించి వచ్చారు. ఎండలు ముదరకముందే గేటుకు దూరంగా, తోట వైపు మా ఇద్దరికీ సిమెంటు ఇటుకల గది లేచింది. అందులో దిగిన రోజు డ్రైవరు గోడను కొట్టి చూసి, వేలు నొప్పి పుట్టిందని సంబరపడ్డాడు. పక్క తోటాయన మేక సంగతంటారా, అది ఇంకో తోటలో పచ్చగడ్డి మేస్తూ బలిసి దొరికింది. దొంగ అనేవాడు ఆ చుట్టుపక్కల నేను వండినవాడొక్కడే.

చిల్లిపడ్డ దిస్‌దాషాను పారేస్తానంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. మంచి బట్ట అని తానే సూది పట్టుకుని, మడతమడతకూ పడ్డ చిల్లులన్నీ రఫూ చేసింది. తెల్లబట్టకు తెల్లదారం ఇంట్లో ఎంతో ఉంది. ఆమె ఎర్రదారం వాడింది. శుక్రవారం శుక్రవారం అర్బాబ్ దాన్నే వేసుకోవాలని హుకుం. నేను పళ్లెం నిండా అన్నం, మాంసం తెచ్చి మధ్యలో పెట్టేవాణ్ణి. తీసుకోవడానికి ఆయన ముందుకు వంగినప్పుడల్లా, సరిగ్గా గుండె మీద, కందిగింజంత ఎర్రటి కుట్టు కనపడేది.